చలనాన్ని నిలిపే కాంతి: నృత్య ఛాయాచిత్రణలో స్టూడియో ఫ్లాష్

7.0 లక్ష్యం

ఈ యూనిట్ చదివిన తరువాత, స్టూడియోలో తీసే నృత్య చిత్రంలో చలనం స్తంభించడానికి షటర్ వేగం కంటే ఫ్లాష్ వ్యవధి ఎందుకు ముఖ్యమో మీరు వివరించగలుగుతారు. గంతుకూ భ్రమరికీ వేర్వేరుగా ఎలా సిద్ధపడాలో నిర్ణయించుకోగలుగుతారు. మీ దగ్గరున్న ఫ్లాష్ ఎంతసేపు వెలుగుతుందో ఇంట్లోని సీలింగ్ ఫ్యాన్ సాయంతో లెక్క కట్టగలుగుతారు.

7.1 పరిచయం

షటర్ వేగం, అపర్చర్, ఐ.ఎస్.ఓ. ఈ మూడింటి మధ్య ఉన్న సంబంధాన్ని గత యూనిట్లలో చదివారు. కదిలే వస్తువు చెదిరిపోకుండా రావాలంటే షటర్ వేగం పెంచాలని కూడా అక్కడ తెలుసుకున్నారు. మైదానంలో పరుగెత్తే ఆటగాడికి, పగటి వెలుగులో ఎగిరే కొంగకు ఆ సూత్రం చక్కగా సరిపోతుంది. ఫ్లాష్ వెలుగులో పనిచేసే స్టూడియోలో మాత్రం దాన్ని నమ్ముకుంటే దెబ్బతింటాం.

ఈ పాఠ రచయిత అలా దెబ్బతిన్నవాడే. మొదటిసారి ఒక కూచిపూడి కళాకారిణిని అద్దె స్టూడియోలో ఫొటో తీసినప్పుడు రెండు పాత ఫ్లాష్‌లను పూర్తి శక్తితో పెట్టి, షటర్‌ను 1/200 సెకను దగ్గర ఉంచాడు. కెమెరా వెనుక ఉన్న చిన్న తెర మీద ప్రతి ఫొటో బాగానే కనిపించింది. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ముఖం స్పష్టంగా ఉంది కాని వేళ్ళకు అంచులు లేవు. జడ కొస పొగలా సాగిపోయింది. వారం తరువాత మళ్ళీ పిలిచి, ఈసారి షటర్‌ను 1/500కు పెంచాడు. ఫొటోలో సగం నల్లటి పట్టీ పడింది. ఈ రెండు రోజుల్లో ఆ అమ్మాయి సిమెంటు నేల మీద నలభైసార్లకు పైగా గెంతింది. మోకాలి నొప్పితో తరువాతి వారం సాధన మానుకోవలసి వచ్చింది. అప్పుడు చేయవలసిన పని ఒక్కటే: ఫ్లాష్ శక్తిని తగ్గించడం. దానికి అరనిమిషం చాలు. కాని అది తెలియకపోవడానికి మూల్యం చెల్లించింది కెమెరా ముందున్న మనిషి. అందుకే ఈ యూనిట్‌లోని లెక్కలను పరీక్ష కోసం మాత్రమే చదవకండి.

7.2 ఫొటో తీసేది షటరా, ఫ్లాషా?

మీ కెమెరా షటర్‌లో రెండు తెరలు ఉంటాయి. మొదటి తెర తెరుచుకుంటే సెన్సర్ మీద కాంతి పడడం మొదలవుతుంది, రెండవ తెర మూసుకుంటే ఆగిపోతుంది. ఒక స్థాయి వరకు, అంటే చాలా కెమెరాలలో 1/200 లేదా 1/250 సెకను వరకు, మొదటి తెర పూర్తిగా తెరుచుకున్న తరువాతనే రెండవది కదులుతుంది. ఫ్లాష్ వెలిగేది ఆ మధ్యలో. దీన్ని సింక్ వేగం అంటారు. అంతకు మించి వేగం పెంచితే మొదటి తెర చివరికి చేరకముందే రెండవది బయలుదేరుతుంది. సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకుని ఉండే క్షణమే ఉండదు. పైన చెప్పిన నల్లటి పట్టీకి కారణం ఇదే.

ఇప్పుడు ఒక చీకటి గదిని ఊహించుకోండి. షటర్ 1/200 సెకను తెరిచి ఉంది. ఆ వ్యవధిలో ఫ్లాష్ 1/4000 సెకను పాటు వెలిగి ఆరిపోయింది. సెన్సర్ మీద పడిన కాంతి అంతా ఆ 1/4000 సెకనులోనే పడింది. మిగిలిన సమయమంతా షటర్ తెరిచే ఉన్నా చీకటిలో నమోదు కావడానికి ఏమీ లేదు. షటర్‌ను 1/60కి తగ్గించినా ఫొటోలో తేడా రాదు. అంటే, ఇక్కడ చలనాన్ని కోసేది ఫ్లాష్. షటర్ చేసే పని బయటి వెలుగును లోపలికి రానీయకుండా కాపలా కాయడం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1851లో ఫాక్స్ టాల్బట్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గిర్రున తిరిగే చక్రానికి ఒక వార్తాపత్రిక ముక్కను అంటించి, చీకటిలో విద్యుత్ మెరుపును వెలిగించి ఫొటో తీశాడు. అచ్చు అక్షరాలు చదవడానికి వీలుగా వచ్చాయి. 1930ల నుంచి అమెరికాలోని ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్గర్టన్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను పనికొచ్చే సాధనంగా తీర్చిదిద్దాడు. పాలచుక్క పడినప్పుడు కిరీటంలా లేచే 1957 నాటి ఆయన చిత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆయనతో కలిసి పనిచేసిన యోన్ మిలీ అదే దీపాన్ని లైఫ్ పత్రిక కోసం నర్తకుల మీదికి తిప్పాడు. నేడు మనం స్టూడియోలో వాడే ఫ్లాష్ ఆ వంశానికి చెందినదే.

ఒక హెచ్చరిక. మీ మొబైల్ ఫోన్‌లో ఫ్లాష్ అని రాసి ఉండేది నిజానికి ఒక ఎల్.ఇ.డి. దీపం. అది ఎక్స్‌పోజర్ జరిగినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. దానితో ఈ పాఠంలోని ప్రయోగాలు చేస్తే ఫలితం రాదు. అలాగే కొన్ని ఫ్లాష్‌లలో ఉండే హై స్పీడ్ సింక్ పద్ధతిని కూడా ఇక్కడ చెప్పే పద్ధతితో కలపకండి. అందులో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాక, తెరల మధ్య చీలిక సెన్సర్‌ను దాటేంతవరకు చిన్నచిన్న మెరుపుల వరుసగా వెలుగుతుంది. అక్కడ చలనాన్ని నిలిపే భారం మళ్ళీ షటర్ మీదే పడుతుంది, కాంతి కూడా బాగా తగ్గిపోతుంది.

7.3 ఫ్లాష్ వ్యవధిని ఎలా చదవాలి?

ఫ్లాష్ లోపల కెపాసిటర్ అనే భాగం విద్యుత్తును నిల్వ చేసుకుంటుంది. మీరు బటన్ నొక్కగానే ఆ నిల్వ జెనాన్ వాయువు నింపిన గొట్టం గుండా ఒక్కసారిగా ప్రవహిస్తుంది. వెలుగు రివ్వున పైకి లేస్తుంది, తరువాత మెల్లగా తోక సాగుతూ తగ్గుతుంది. అసలు చిక్కంతా ఈ తోకతోనే.

తయారీదారులు ఫ్లాష్ వ్యవధిని రెండు రకాలుగా చెబుతారు. కాంతి తీవ్రత గరిష్ఠ స్థాయిలో సగానికి పైన ఉన్న కాలం టి.5. తీవ్రత పదోవంతుకు పైన ఉన్న కాలం టి.1. సహజంగా ఆరిపోయే ఫ్లాష్‌లో టి.1 విలువ టి.5కు సుమారు మూడు రెట్లు ఉంటుంది. కాగితం మీద 1/1500 అని గొప్పగా కనిపించే టి.5 విలువ నర్తకి వేలి కొసకు వచ్చేసరికి 1/500లా ప్రవర్తిస్తుంది. అమ్మకానికి అచ్చువేసే కాగితాలలో చాలావరకు ఉండేది టి.5. అది అబద్ధం కాదు, కాని మనకు కావలసింది టి.1. సూచన పుస్తకంలో ఏదో స్పష్టంగా చెప్పకపోతే టి.5 అనుకుని మూడుతో భాగించి చూసుకోవడం మంచిది.

ఇక శక్తికీ వ్యవధికీ ఉన్న సంబంధం. ఎక్కువ వెలుగు ఉంటే కదలిక బాగా ఆగుతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. వాస్తవం దీనికి విరుద్ధం. కెమెరా తలపై అమర్చుకునే చిన్న ఫ్లాష్‌లో శక్తిని తగ్గించడమంటే, వెలుగు లేచిన కొద్దిసేపటికే ప్రవాహాన్ని తెంచివేయడం. ఐ.జి.బి.టి. అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఈ పని చేస్తుంది. దానితో తోక తెగిపోతుంది. నికాన్ ఎస్‌బి-900 సూచన పుస్తకంలోని అంకెలను చూడండి. పూర్తి శక్తిలో 1/880 సెకను, నాలుగో వంతులో 1/2550, ఎనిమిదో వంతులో 1/5000, పదహారో వంతులో 1/10000, 128వ వంతులో 1/38500 సెకను. శక్తి తగ్గేకొద్దీ వేగం పెరుగుతోంది.

అన్ని ఫ్లాష్‌లూ ఇలా ఉండవు. పాత తరహా స్టూడియో ఫ్లాష్‌లలో శక్తిని తగ్గిస్తే కెపాసిటర్‌లో నింపే వోల్టేజి తగ్గుతుంది. వాటిలో వ్యవధి తగ్గదు సరికదా, కొన్నిటిలో కాస్త పెరుగుతుంది కూడా. కొత్త స్టూడియో ఫ్లాష్‌లలో చాలావాటికి ఐ.జి.బి.టి. ఉంటుంది, కొన్నిటిలో చలనాన్ని నిలపడానికి ప్రత్యేకంగా ఒక మీట కూడా పెట్టారు. అద్దెకు తెచ్చుకునేటప్పుడు ఎన్ని వాట్లు అని అడగడం మనకు అలవాటు. నృత్యం కోసమైతే, శక్తి తగ్గించినప్పుడు టి.1 ఎంత అని అడగండి. దుకాణదారుకు తెలియకపోతే నమూనా సంఖ్య రాసుకుని సూచన పుస్తకం వెతకండి.

శక్తి తగ్గిస్తే వెలుగు చాలదు కదా అని మీకు సందేహం రావచ్చు. పూర్తి శక్తి నుంచి ఎనిమిదో వంతుకు దిగితే మూడు స్టాపులు పోతాయి. ఐ.ఎస్.ఓ.ను 100 నుంచి 400కు పెంచితే రెండు స్టాపులు తిరిగి వస్తాయి. అలాంటిదే మరో ఫ్లాష్‌ను పక్కనే పెట్టి రెండూ ఒకే దిక్కుకు వెలిగిస్తే మూడో స్టాప్ కూడా వచ్చేస్తుంది. ఐ.ఎస్.ఓ. 400లో వచ్చే గరుకుదనం నేటి కెమెరాలలో అచ్చులో కనిపించదు. చెదిరిన వేలు మాత్రం కనిపిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. చీకటి గదిలో షటర్ వేగాన్ని 1/200 నుంచి 1/60కి మార్చినా ఫ్లాష్ చిత్రంలో తేడా ఎందుకు రాదు?
2. ఒక ఫ్లాష్ టి.5 విలువ 1/2400 సెకను. అది సహజంగా ఆరిపోయే రకమైతే టి.1 సుమారు ఎంత ఉంటుంది?

7.4 ఎంత వేగం చాలు?

కూచిపూడిలో నర్తకి భ్రమరి తిరుగుతోంది అనుకుందాం. సెకనుకు ఒకటిన్నర చుట్లు. ఆమె జడ కొస విసురుకు బయటికి లేచి, శరీర మధ్యరేఖకు 60 సెంటీమీటర్ల దూరంలో తిరుగుతోంది. ఒక చుట్టు పొడవు 3.77 మీటర్లు. కనుక జడ కొస వేగం సెకనుకు దాదాపు 5.6 మీటర్లు.

కెమెరాను నిలువుగా పట్టుకున్నాం. నిలువున 6000 పిక్సెళ్ళు ఉన్నాయి, చట్రంలో 2.4 మీటర్ల ఎత్తు పడుతోంది. అంటే ఒక మీటరుకు 2500 పిక్సెళ్ళు. ఈ ఫొటోను ఎ4 కాగితం నిండా అచ్చువేస్తే ఒక మిల్లీమీటరుకు సుమారు 20 పిక్సెళ్ళు వస్తాయి.

వెలుగు 1/200 సెకను పాటు ఉంటే జడ కొస 28 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే 70 పిక్సెళ్ళు, అచ్చులో మూడున్నర మిల్లీమీటర్ల మరక. 1/1000 అయితే 14 పిక్సెళ్ళు, అచ్చులో 0.7 మిల్లీమీటరు. ఇది కూడా కంటికి తెలుస్తుంది. 1/4000 దగ్గర మూడున్నర పిక్సెళ్ళే, అచ్చులో 0.2 మిల్లీమీటరు కూడా ఉండదు. చేతిలో పట్టుకుని చూసేవారికి అది పదునుగానే ఉంటుంది. కాబట్టి శాస్త్రీయ నృత్యానికి టి.1 విలువ 1/3000 నుంచి 1/4000 వరకు ఉంటే సరిపోతుంది. 1/20000 కోసం శక్తిని మరీ పిండేసి, ఐ.ఎస్.ఓ.ను అనవసరంగా పెంచుకోనక్కరలేదు. ఆ వేగాలు నీటి చుక్కలకూ పగిలే గాజుకూ కావాలి.

దిశ కూడా లెక్కలోకి వస్తుంది. జడ శరీరానికి ముందో వెనుకో ఉన్నప్పుడు చట్రానికి అడ్డంగా కదులుతుంది, మరక పూర్తిగా పడుతుంది. అదే జడ పక్కకు వచ్చినప్పుడు కెమెరా వైపుకో, కెమెరాకు దూరంగానో కదులుతుంది. అప్పుడు మరక చాలా తగ్గుతుంది. జడ పక్కకు విచ్చుకున్న ఆ భంగిమే చూడడానికీ అందంగా ఉండడం మన అదృష్టం.

7.5 చీకటి పరీక్ష

ఇది రెండు నిమిషాల పని, కాని మరచిపోయేవారే ఎక్కువ. కెమెరాలో అన్ని అమరికలూ పెట్టుకున్న తరువాత, ఉదాహరణకు 1/200, ఎఫ్/8, ఐ.ఎస్.ఓ. 400, ఫ్లాష్‌ను ఆపేసి ఒక ఫొటో తీయండి. అది పూర్తిగా నల్లగా రావాలి. ఏమాత్రం కనిపించినా గదిలోని ట్యూబ్‌లైటో, కిటికీయో, ఫ్లాష్‌లోనే ఉండే మోడలింగ్ దీపమో లోపలికి చొరబడుతోందన్నమాట. అప్పుడు పదునైన నర్తకి పక్కనే ఆమె నీడలాంటి మరో ఆకారం పడుతుంది. తెల్లటి లేదా లేత రంగు నేపథ్యం ముందు ఇది మరీ ఇబ్బంది పెడుతుంది. కిటికీలకు దుప్పట్లు కట్టండి, లైట్లు తగ్గించండి. అయితే నర్తకికి అడుగు ఎక్కడ పడుతుందో కనిపించేంత వెలుగు మాత్రం ఉంచండి.

7.6 గంతులోని శిఖర క్షణం

అభినయ దర్పణం ఉత్ప్లవనాలను అయిదు రకాలుగా, భ్రమరులను ఏడు రకాలుగా చెప్పింది. ఛాయాగ్రాహకుడి దృష్టితో చూస్తే ఈ రెండు వర్గాల మధ్య ఒక పెద్ద తేడా ఉంది. ఉత్ప్లవనానికి శిఖరం ఉంది, భ్రమరికి లేదు.

నర్తకి 30 సెంటీమీటర్ల ఎత్తుకు గెంతిందనుకోండి. నేల విడిచేటప్పుడు ఆమె శరీరం సెకనుకు 2.4 మీటర్ల వేగంతో పైకి వెళుతుంది. గాలిలో ఉండేది మొత్తం మీద అర సెకను. అందులో సగం, అంటే పావు సెకను, ఆ ఎత్తులో పై నాలుగో వంతులోనే గడుస్తుంది. శిఖరానికి అటూ ఇటూ ఇరవయ్యో వంతు సెకను తీసుకుంటే శరీరం కదిలేది 1.2 సెంటీమీటర్లు మాత్రమే. చూసేవారికి నర్తకి గాలిలో నిలిచిందనిపించేది ఇందుకే. ఆ క్షణాన్ని పట్టుకోగలిగితే నెమ్మదైన పాత ఫ్లాష్‌తో కూడా మొండెం, ముఖం పదునుగా వస్తాయి. గజ్జెలు, జడ, పయ్యెద కొస మాత్రం శిఖరాన్ని పట్టించుకోవు, అవి వాటి దారిన కదులుతూనే ఉంటాయి.

ఆ క్షణం పట్టుకోవడమే కష్టం. మన కన్ను చూసి, వేలు కదలడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. కెమెరా స్పందించడానికి ఇంకొంత. గంతు శిఖరానికి చేరడానికి పట్టేదే పావు సెకను. శిఖరాన్ని చూసి నొక్కితే ఫొటోలో పడేది కిందికి దిగుతున్న మనిషి. అద్దం ఉన్న కెమెరాలో ఆ క్షణం వ్యూఫైండర్‌లో మీ కంటికి కనిపించిందంటే, అది ఫొటోలో పడలేదనే అర్థం. వరుసగా ఫొటోలు తీసే పద్ధతి ఇక్కడ ఆదుకోదు. ఫ్లాష్ మళ్ళీ నిండేలోపు వచ్చిన ఫొటోలు నల్లగానో మసకగానో ఉంటాయి. తక్కువ శక్తిలో త్వరగా నిండినా, వరుసగా కొట్టేవారు క్షణాన్ని ఎంచుకోవడం నేర్చుకోరని నా అభిప్రాయం.

మన నృత్యాలలో దీనికి ఒక సులువు ఉంది. ప్రతి గంతూ తాళంలో ఒక నిర్ణీత స్థానంలో వస్తుంది. నట్టువాంగం చేసేవారిని స్టూడియోకు పిలవండి, కుదరకపోతే ఆ జతిని ఫోన్‌లో రికార్డు చేసుకుని వినిపించండి. మొదట కెమెరా పక్కన పెట్టి, మీరు కూడా చేత్తో తాళం వేస్తూ నాలుగైదుసార్లు చూడండి. నర్తకి మోకాళ్ళు వంచి నేలను తన్నే దెబ్బ ఎక్కడ పడుతుందో మీ చేతికి తెలియాలి. ఆ దెబ్బకు నొక్కితే ఫొటో శిఖరం దగ్గర పడుతుంది. తాళజ్ఞానం ఉన్న ఒక సాధారణ ఛాయాగ్రాహకుడు, ఖరీదైన కెమెరా ఉండి తాళం తెలియని వాడికంటే ముందుంటాడు.

భ్రమరిలో శిఖరం లేదు కనుక భారమంతా ఫ్లాష్ వ్యవధి మీదే ఉంటుంది. అక్కడ మీరు ఎంచుకోవలసింది ముఖం ఏ దిక్కున ఉన్నప్పుడు నొక్కాలో అన్నది. ముఖం మనవైపు తిరగడానికి కాస్త ముందు నొక్కడం అలవాటు చేసుకోండి. ఫోకస్ విషయంలో రెండింటికీ ఒకే పద్ధతి చాలు. నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, అక్కడ నిలబడిన నర్తకి కంటి మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయండి. ఎఫ్/8 లోతు చిన్నచిన్న తేడాలను సర్దుకుంటుంది.

7.7 దీపాల అమరిక

ప్రధాన దీపానికి పెద్ద సాఫ్ట్‌బాక్స్ పెట్టి, నర్తకికి ఒక పక్కగా, తలకంటే ఎత్తులో ఉంచండి. మరీ దగ్గరగా పెట్టవద్దు. కాంతి దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుందని మీరు చదివారు. దీపం మీటరున్నర దూరంలో ఉన్నప్పుడు నర్తకి దాని వైపు అర మీటరు గెంతితే వెలుగు 2.25 రెట్లవుతుంది, అంటే ఒక స్టాప్ కంటే ఎక్కువ. ముఖం తెల్లబోతుంది. అదే దీపం మూడు మీటర్ల దూరంలో ఉంటే అర మీటరు గంతుకు తేడా సుమారు అర స్టాప్. దూరం జరిపితే వెలుగు తగ్గుతుంది, కాంతి కాస్త గట్టిపడుతుంది. అయినా నృత్యానికి ఆ రాజీ పడక తప్పదు.

నల్లటి నేపథ్యం పెడితే నల్లటి జడ అందులో కలిసిపోతుంది. దాన్ని విడదీయడానికి వెనుక నుంచి రెండు వైపులా సన్నటి దీపాలు పెడతారు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ముందున్న దీపానికి మంచి ఫ్లాష్ వాడి, వెనుకకు మూలన పడి ఉన్న పాత ఫ్లాష్‌ను పూర్తి శక్తితో పెడతారు. చేతి అంచులనూ జడ అంచునూ వెలిగించేది ఆ వెనుక దీపమే. దాని తోక పొడవుగా ఉంటే ముందు భాగం పదునుగా, అంచు మాత్రం సాగిపోయి వస్తుంది. కదిలే శరీరం మీద పడే దీపాలలో అన్నిటికంటే నెమ్మదైనదే మీ చిత్రం పదునును నిర్ణయిస్తుంది. ఆ పాత ఫ్లాష్‌ను నేపథ్యానికి వాడుకోండి, తెర కదలదు కదా.

ఆహార్యం విషయానికి వస్తే, పాపిడి బిళ్ళ, వంకీలు, వడ్డాణం, జరీ అంచు అన్నీ అద్దాల్లా పనిచేస్తాయి. తరంగం కోసం ఇత్తడి పళ్ళెం ఎక్కినప్పుడు మీ సాఫ్ట్‌బాక్స్ మొత్తం ఆ పళ్ళెంలో తెల్లగా కనిపించవచ్చు. దీపాన్ని కొద్దిగా పక్కకు జరిపి చూడండి. ఫ్లాష్ శక్తిని బాగా మార్చినప్పుడు రంగు కూడా కొంచెం మారుతుంది. శక్తి ఖరారైన తరువాతనే తెల్లకాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోండి, లేకపోతే పసుపు పట్టు ఒక ఫొటోలో ఒకలా, ఇంకో ఫొటోలో మరోలా వస్తుంది.

7.8 అంతా నిలపాలా?

ఇంతవరకు అన్నిటినీ పదునుగా తీయడం ఎలాగో చెప్పాం. తీయాలా అన్నది వేరే ప్రశ్న. పూర్తిగా స్తంభించిన చిత్రంలో కొన్నిసార్లు నర్తకి తీగలతో వేలాడదీసిన బొమ్మలా ఉంటుంది. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికి వెళితే మదనికలను నిలబడి చూడండి. రాయి అసలే కదలదు. అయినా వంగిన నడుము, ఎత్తిన మడమ, ఒకవైపు ఒరిగిన బరువు చూస్తే ఆ ఆకృతి తరువాతి క్షణంలో ఎటు వెళుతుందో మనకు తెలిసిపోతుంది. శిల్పి ఎంచుకున్న క్షణంలోనే చలనం ఉంది. మీ ఫొటోలో కూడా బరువు ఎటో ఒకవైపు పడుతూ ఉండాలి, బట్ట ఎటో ఎగురుతూ ఉండాలి.

బార్బరా మోర్గాన్ 1940లో తీసిన మార్తా గ్రాహం చిత్రంలో నర్తకి ముందుకు వంగి ఉంటే తెల్లటి లంగా వెనుక విల్లులా లేచి ఉంటుంది. ఆ బట్ట లేకుండా ఆ భంగిమను ఊహించుకుంటే సగం బలం పోతుంది. న్యూయార్క్‌కు చెందిన లోయిస్ గ్రీన్‌ఫీల్డ్ తన 1992 నాటి బ్రేకింగ్ బౌండ్స్ పుస్తకంలో నర్తకులను గాలిలో నమ్మశక్యం కాని భంగిమలలో చూపించింది. ఆధునిక నర్తకులకు ఆ స్వేచ్ఛ ఉంది. కూచిపూడిలో, పేరిణిలో, భరతనాట్యంలో భంగిమకు వ్యాకరణం ఉంది. రెండు భంగిమల మధ్య దారిలో పట్టుకున్న క్షణం మీ కంటికి ఎంత విచిత్రంగా, ఎంత అందంగా ఉన్నా ఆ గురుపరంపరకు అది తప్పు అడుగు కావచ్చు.

నృత్య ఛాయాచిత్రణలో పెద్ద సమస్య ఇక్కడే ఉంది. వేదిక మీద సరిగా పడని హస్తం క్షణంలో గడిచిపోతుంది, రసికులు మరచిపోతారు. 1/4000 సెకనులో పట్టుబడిన హస్తం ఆమె పేరుతో గోడపత్రికల మీద ఏళ్ళ తరబడి ఉంటుంది. పతాకంలో బొటనవేలు విడిపోయిందా, అరమండిలో మోకాళ్ళు పక్కకు తెరుచుకున్నాయా అన్నది ఆమె కన్ను పట్టుకున్నట్టు మీ కన్ను పట్టుకోదు. అందుకని ఫొటోల ఎంపికలో నర్తకిని కూర్చోబెట్టండి. ఆమె వద్దన్నది మీకు ఎంత నచ్చినా బయటపెట్టకండి.

7.9 నర్తకి శరీరం

ఫిలిప్ హాల్స్‌మన్ 1948లో సాల్వడోర్ డాలీని గాలిలో ఉంచి తీసిన ప్రసిద్ధ చిత్రానికి డాలీ 28 సార్లు ఎగరవలసి వచ్చింది. పిల్లులను విసిరారు, బకెట్లతో నీళ్ళు చల్లారు. ఆ కథ వినడానికి సరదాగా ఉంటుంది, కాని దాన్ని మనం ఆదర్శంగా తీసుకోకూడదు. మన నర్తకులు చెప్పులు లేకుండా, కాలికి గజ్జెల బరువుతో గెంతుతారు. సిమెంటు నేల మీద ప్రతి గంతూ మోకాలికీ మడమకూ తగులుతుంది. చెక్క నేల దొరకకపోతే జారని పలుచని చాప పరిచి, అంచులను టేపుతో అంటించండి. వైర్లను కూడా అలాగే నేలకు అంటించి, దీపాల కాళ్ళ మీద ఇసుక సంచులు పెట్టండి.

దీపాలు, ఫోకస్, చీకటి పరీక్ష అన్నీ నర్తకి రాకముందే ఒక స్నేహితుణ్ణి నిలబెట్టి పూర్తి చేసుకోండి. ఆమె ఒళ్ళు వేడెక్కించుకోవడానికి సమయం ఇవ్వండి. ఒక గంతును ఎనిమిది పదిసార్లకు మించి అడగకండి. అప్పటికీ రాకపోతే తప్పు మీ లెక్కలో ఉంది, ఆమె కాళ్ళలో లేదు. మధ్యలో ఒక ఫొటోను కంప్యూటర్‌లో వేలి కొస దాకా పెద్దది చేసి చూడండి. కెమెరా చిన్న తెరను నమ్మితే ఏమవుతుందో ఈ పాఠం మొదట్లోనే చదివారు.

7.10 చేసి చూడండి

మీ ఫ్లాష్ అసలు వ్యవధిని కనుక్కోవడానికి ఈ ప్రయోగం. ఇంట్లో 1200 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాన్ ఉంటే చాలు. ఫ్యాన్ ఆపి, ఒక రెక్క కొసన ఒక సెంటీమీటరు వెడల్పున్న తెల్లటి టేపు ముక్కను, వెడల్పు తిరిగే దిశలో ఉండేలా, ఊడిపోకుండా గట్టిగా అంటించండి. రాత్రి పూట గది చీకటి చేసి, కెమెరాను స్టాండు మీద పైకి తిప్పి పెట్టి, ఫ్యాన్ ఆగి ఉండగా ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయండి. తరువాత ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పి, టేపు అదే ప్రాంతంలో పడేవరకు ఫ్లాష్ ప్రతి శక్తిలోనూ కొన్ని ఫొటోలు తీయండి.

ఫ్యాన్ పెట్టె మీద నిమిషానికి ఎన్ని చుట్లో రాసి ఉంటుంది. 350 అయితే సెకనుకు 5.83 చుట్లు. రెక్క కొస ఒక చుట్టులో 3.77 మీటర్లు తిరుగుతుంది, అంటే వేగం సెకనుకు 22 మీటర్లు. ఇప్పుడు కంప్యూటర్‌లో, ఆగి ఉన్న ఫొటోలోని టేపు వెడల్పును కొలతగా తీసుకుని, తిరుగుతున్న ఫొటోలో టేపు ఎంత వెడల్పుగా కనిపిస్తోందో చూడండి. అందులోంచి ఒక సెంటీమీటరు తీసివేయండి. మిగిలినది 22 మిల్లీమీటర్లు ఉంటే మీ ఫ్లాష్ వ్యవధి 1/1000 సెకను. 5.5 మిల్లీమీటర్లు ఉంటే 1/4000. మసకగా సాగిన తోకను కూడా కలిపి కొలవండి, అప్పుడే టి.1కు దగ్గరి విలువ వస్తుంది. శక్తి తగ్గించినా తోక తగ్గకపోతే, మీది పాత తరహా ఫ్లాష్ అని తేలిపోతుంది.

ఫలితాలను శక్తి ఒక వరుసలో, వ్యవధి మరో వరుసలో ఉండేలా పట్టికగా రికార్డు పుస్తకంలో రాసి, ఫొటోలతో సహా తరువాతి సంప్రదింపు తరగతికి అధ్యయన కేంద్రానికి తీసుకురండి. ఫ్లాష్ లేనివారు కేంద్రంలో ఉన్న దానితో ఇద్దరిద్దరుగా ఈ ప్రయోగం చేయవచ్చు. టేపు అంటించేటప్పుడూ తీసేటప్పుడూ ఫ్యాన్ స్విచ్ ఆపి ఉందో లేదో ఒకరు స్విచ్ దగ్గరే నిలబడి చూడాలి.